ట్రంక్ 'యూదెన్‌రాట్': కొనేముందు, చదివేముందు

విశాఖలో ఐరోపా చరిత్ర మీద ఎం.ఏ., పీహెచ్‌డీ చేసేవాళ్లకి రెండో ప్రపంచయుద్ధం దగ్గర "యూదు మండళ్లు నాజీల తొత్తులు" అన్న మాట ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఈ మండళ్లు, ఆక్రమించిన ఊళ్లలో తమ ఆజ్ఞలు అమలు చేయించడానికి జర్మన్లు యూదులతోనే పెట్టించినవి. జర్మన్‌లో వీటి పేరే 'యూదెన్‌రాట్'. ఆ మాటని నోట్సులోకి ఎక్కించేముందు ఐజయా ట్రంక్ రాసిన 'యూదెన్‌రాట్' చదవాలి. 1972లో ఇంగ్లీషులో వచ్చింది. మరుసటేడు అమెరికా నేషనల్ బుక్ అవార్డు అందుకుంది. తలొగ్గడం వేరు, కుమ్మక్కవడం వేరు అని ఇంత ఓపిగ్గా విడదీసి చూపిన పుస్తకాలు తక్కువ.

ట్రంక్ 1905లో పోలండ్‌లోని కుత్నోలో పుట్టిన యూదుడు. వార్సాలో చరిత్ర చదివారు. యుద్ధకాలం సోవియట్ యూనియన్‌లో గడిచింది. చివరికి న్యూయార్క్‌లోని యీవో అనే యూదు పరిశోధన సంస్థలో పనిచేశారు. 1981లో పోయారు. పోలండ్‌లోని లోడ్జ్ ఘెట్టో (యూదుల్ని విడిగా బంధించి ఉంచిన పేట) మీద, తూర్పు ఐరోపా యూదుల భాష యిడ్డిష్‌లో, ఆయన పుస్తకం 1962లోనే వచ్చింది. ముందు ఒక్క ఊరిని గాలించి, తర్వాతే మిగతా ఊళ్లకి వెళ్లారు. ఆ పట్టు ఇందులో పేజీపేజీకీ తెలుస్తుంది.

చాలామంది చేసే తప్పు, నేరుగా ఘెట్టో పోలీసుల అధ్యాయం తెరవడం. ముందు జర్మన్ ఉత్తర్వులు చదవండి. ఆక్రమిత పోలండ్‌లో జర్మన్ గవర్నర్ జనరల్ హాన్స్ ఫ్రాంక్ 1939 నవంబరు 28న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం పదివేలలోపు యూదులున్న ఊరి మండలికి 12 మంది సభ్యులు, అంతకుమించితే 24 మంది. ఆజ్ఞల అమలు బాధ్యత వాళ్ల నెత్తినే. ఆ తర్వాత తిండి, వైద్యం, వెట్టిపని. అవి దాటాకే పోలీసులు. లేకపోతే లాఠీ కనిపిస్తుంది గానీ దాన్ని చేతికిచ్చినవాడు కనిపించడు.

1942 జూలై 22న వార్సా మండలి అధ్యక్షుడు చెర్నియాకుఫ్‌కి ఘెట్టో జనాన్ని తరలించమని జర్మన్ల ఆజ్ఞ వచ్చింది. తరలింపు అంటే చావుకే. మర్నాడు విషం మింగాడు. అదే ఏడు సెప్టెంబరు 4న లోడ్జ్‌లో అక్కడి మండలి పెద్ద రుమ్కోవ్‌స్కీ జనం ముందు నిలబడి జర్మన్లకి పిల్లల్ని ఇచ్చెయ్యమన్నాడు. పదేళ్లలోపు పిల్లలు, అరవై అయిదు దాటిన ముసలివాళ్లు. పనిచేసేవాళ్లయినా మిగులుతారని అతని లెక్క. 1944 ఆగస్టులో అతన్నీ ఆష్విట్జ్ చావుశిబిరానికి పంపారు. ఈ ఇద్దరినీ ఒకే మాటతో ఎలా తూస్తాం?

లోటు కూడా చెప్పాలి. ఇది తూర్పు ఐరోపా వరకే. పశ్చిమాన ఉన్న ఆమ్‌స్టర్‌డామ్ మండలి కోసం వెతికేవాళ్లకి పనికిరాదు. ఊరిపేర్లు కూడా తికమకపెడతాయి. విల్నో, విల్నా, విల్నియస్ మూడూ ఒక్కటే. లిట్జ్‌మన్‌స్టాట్ అంటే జర్మన్లు పెట్టిన పేరు, ఊరు లోడ్జే. ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి.

పాత ప్రతి కొంటే నడిమి పేజీల దగ్గర తెరిచి చూడండి. గమ్ముతో అతికిన ఇంత లావు పేపర్‌బ్యాక్ మన సముద్రపు తేమకి ఊడి, పేజీలు కట్టలుగా బయటికి వస్తాయి. కుట్టు బైండింగ్ దొరికితే అదే తీసుకోండి.