డోబాయ్ అనాలా, జీఐ అనాలా?

ప్రపంచ యుద్ధాల మీద కథో వ్యాసమో రాసేవాళ్లకు అమెరికా సైనికుడిని ఏ పేరుతో పిలవాలన్నది ఎప్పుడూ టెన్షనే.

కాలం: డోబాయ్ 1917లో ఫ్రాన్స్‌లో దిగినవాడు. జీఐ 1944లో నార్మండీ ఒడ్డున దిగినవాడు.

పుట్టుక: డోబాయ్ 1840ల మెక్సికో యుద్ధం నాటికే ఉంది, ఎలా పుట్టిందో మాత్రం ఇప్పటికీ తేలలేదు. జీఐ సైన్యం సామాను పద్దుల్లోంచి వచ్చింది. మొదట అవి ఇనుప బకెట్ల పక్కన గాల్వనైజ్డ్ ఐరన్‌కు పొట్టిగా రాసిన అక్షరాలు. తర్వాత వాటినే గవర్నమెంట్ ఇష్యూ అని చదువుకున్నారు. బూట్లకీ సబ్బులకీ పాకిన ఆ పేరు చివరికి వాటిని వాడే మనిషికే అంటుకుంది. సర్కారు సరుకుల్లో కుర్రాళ్లనూ కలిపేసినట్టుంది, తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

శ్రమ: జీఐ చాలామందికి తెలుసు. డోబాయ్‌కి ఒక వాక్యం వివరణ కావాలి.

రిస్క్: మెరైన్‌ని, అంటే అమెరికా సైన్యంలో వేరే దళమైన మెరైన్ కోర్ మనిషిని, జీఐ అంటే తప్పు పడతారు. వాళ్ల పేరు లెదర్‌నెక్.

మొదటి యుద్ధపు కందకాల కథకు డోబాయ్. రెండో యుద్ధానికి జీఐ. 1942 కథలో పాత యుద్ధం చూసిన సార్జెంట్ ఉంటే, అతని నోట డోబాయ్ అనిపించినా చక్కగా కుదురుతుంది.