కూపర్స్‌టౌన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్: క్లోజర్ల కోసమైనా ఒకసారి వెళ్లండి

కూపర్స్‌టౌన్ న్యూయార్క్ రాష్ట్రంలో ఓ చిన్న ఊరు, బేస్‌బాల్ గొప్పోళ్లని ఎన్నుకుని గుర్తుపెట్టుకునే మ్యూజియం అక్కడే ఉంది. న్యూజెర్సీ నుంచి కారులో దాదాపు నాలుగు గంటలు, ఆఖర్లో అన్నీ చిన్న రోడ్లే. క్రికెట్ చూస్తూ పెరిగినోళ్లకి బేస్‌బాల్ మ్యూజియంలో ఏముంటుందిలే అనుకునేవాళ్ల కోసమే ఈ రివ్యూ రాస్తున్నా.

ముందు ఒక్క విషయం తెలిస్తే చాలు. క్లోజర్ అంటే మనకి ఆఖరి ఓవర్లో పది రన్స్ కాపాడమని బాల్ చేతిలో పెడితే వేసే బౌలర్ లాంటోడు. మామూలుగా మూడు లేదా అంతకన్నా తక్కువ రన్స్ లీడ్ ఉన్నప్పుడు వచ్చి ఒక ఇన్నింగ్స్ (ఇక్కడ మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి) వేసి మ్యాచ్ గెలిపించి ముగిస్తే దాన్ని సేవ్ అంటారు, 1969 నుంచి అఫీషియల్‌గా లెక్కపెడుతున్నారు.

కింద ఫ్లోర్‌లో ఎన్నికైనవాళ్ల కంచు ఫలకాలు ఏ ఏడాదివి ఆ ఏడాది వరుసగా ఉంటాయి. 2018, 2019 దగ్గర తప్పకుండా ఆగండి. లీ స్మిత్ 478 సేవ్స్‌తో రికార్డు పెట్టాడు, దాన్ని 2006లో ట్రెవర్ హాఫ్‌మన్ దాటి 601 దాకా వెళ్లాడు, అతన్ని 2011లో మరియానో రివేరా దాటి 652 దగ్గర ఆగాడు. ముగ్గురూ ఆ రెండేళ్లలోనే హాల్ ఆఫ్ ఫేమ్ లోపలికొచ్చారు. కానీ రివేరాకి మొదటిసారే బేస్‌బాల్ రైటర్ల ఓట్లు 425కి 425 పడ్డాయి, అంతకుముందు అలా ఎవరికీ జరగలేదు. లీ స్మిత్ మాత్రం పదిహేనేళ్లు ఆ ఓటింగ్ లిస్టులో (బ్యాలెట్) ఉండి కూడా ఎన్నిక కాలేదు, చివరికి విడిగా ఉండే ఒక కమిటీ తీసుకుంది. చేసిన పని ఒకటే కదా, ఒకాయన్ని అన్నేళ్లు ఎందుకు నిలబెట్టారో నాకిప్పటికీ మింగుడు పడదు. నన్నడిగితే ఆయన ఫలకం దగ్గర ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఉండాలి.

ఇక రివేరా గురించి ఎంత చెప్పినా తక్కువే. పనామాలో ప్యూర్టో కైమిటో అనే చేపల ఊరు, నాన్న పడవ మీద పనిచేసిన పిల్లాడు. 1995లో న్యూయార్క్ యాంకీస్ టీమ్‌కి స్టార్టర్‌గా, అంటే మ్యాచ్ మొదలెట్టే బౌలర్‌గా వచ్చి నిలదొక్కుకోలేక బుల్‌పెన్‌కి, అంటే తర్వాత దిగే బౌలర్ల గుంపులోకి వెళ్లాడు. 1997లో టీమ్‌మేట్‌తో ఊరికే బాల్ వేసుకుంటుంటే అది దానంతటదే పక్కకి తిరగడం మొదలైంది, మాన్పించాలని చూసినా మానలేదు, అదే కట్టర్. బ్యాటర్లకి ఏం వస్తుందో తెలుసు, అయినా ఆఖరి క్షణంలో లోపలికి దూసుకొచ్చి ఎడమచేతి వాళ్ల బ్యాట్లు విరగ్గొట్టేది. 2013లో రిటైర్ అవుతుంటే మిన్నెసోటా టీమ్ వాళ్లు విరిగిన బ్యాట్లతోనే కుర్చీ చేసి ఇచ్చారు!

పోస్ట్‌సీజన్‌లో, అంటే లీగ్ అయ్యాక జరిగే నాకౌట్ మ్యాచ్‌ల్లో, 141 ఇన్నింగ్స్‌కి ఇచ్చింది 11 ఎర్న్‌డ్ రన్సే (ఫీల్డర్ల తప్పులు తీసేస్తే బౌలర్ లెక్కలో పడే రన్స్). అలాంటోడు 2001 వరల్డ్ సిరీస్ (సీజన్ ఫైనల్) ఏడో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 2-1 లీడ్ పోగొట్టాడు. 2012లో ప్రాక్టీస్‌లో మోకాలు పోయింది, అందరూ అయిపోయిందన్నారు, 43 ఏళ్లకి తిరిగొచ్చి 44 సేవ్స్ చేశాడు. నాకు ఆ 652 కన్నా ఈ 44 గొప్పగా అనిపిస్తుంది.

ఫలకం మీద ఇదంతా పట్టదు, కొన్ని లైన్లే, కాబట్టి ముందే కొంచెం చదువుకుని వెళ్తే మజా ఉంటుంది. పైన ఫ్లోర్లు ముందు చూసేసి ఫలకాల హాల్ ఆఖరికి పెట్టుకోండి, పిల్లలుంటే రోజంతా పడుతుంది. జూలై ఆఖర్లో కొత్తవాళ్లని చేర్చుకునే వేడుక ఉంటుంది, అప్పుడు చిన్న ఊరు నిండిపోతుంది కాబట్టి రూమ్ చాలా ముందే బుక్ చేస్కోండి, లేదా సెప్టెంబర్‌లో వెళ్లండి. వెజ్ తినేవాళ్లు దారిలోకి ఏదైనా కట్టుకెళ్తే మంచిది.