పెన్నులు తిప్పే లేతుకు ఏ సామాను కుదురుతుంది? వాడినవాడి మాట

ఒడిశాలోని పర్లాకిమిడిలో కొమ్ము పనివాళ్ల పుణ్యమా అని నాకు ముడిసరుకుకు కొదవ లేదు. గేదె కొమ్ము మొదలంతా బోలు, గట్టిదనమంతా కొసలోనే. ఆ కొస ముక్కలు కొనుక్కుని చిన్న చెక్క పని లేతు (ముక్కను గిరగిరా తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం) మీద పెన్నులు తిప్పడం నాకు ఏళ్లుగా ఉన్న వ్యసనం. టేకు, అంకుడు కర్ర కూడా తిప్పుతాను. లేతు మంచిదే, కిట్టు (పెన్ను లోహపు భాగాల సెట్టు) మంచిదే, అయినా పెన్ను ఒక పక్క మందంగా, మరో పక్క పలచగా వస్తోందంటే నేను అనుమానించేది మధ్యలో తగిలించిన సామానునే.

సామాను కొనేముందు లేతుకు రెండు కొలతలు తీసుకోవాలి. స్పిండిల్ (లేతులో తిరిగే ఇరుసు) లోపలి మోర్స్ టేపర్ (క్రమంగా సన్నబడే రంధ్రం) నంబరు ఒకటి, బయటి మర (స్క్రూ చుట్లు) కొలత ఒకటి. ఎంటీ2 (మోర్స్ టేపర్ 2) పెద్ద చివర వ్యాసం 17.78 మి.మీ., ఎంటీ1ది 12.07. వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) పెడితే ఇట్టే తేలిపోతుంది. మరతోనే చిక్కు. కొన్ని లేతులకు అంగుళానికి 8 మరలున్న 1 అంగుళం స్పిండిల్, కొన్నిటికి ఎం33 × 3.5 (33 మి.మీ. వ్యాసం, మర మరకు 3.5 మి.మీ. ఎడం), చవక రకాలకు ఎం14 × 1. ‘అన్ని లేతులకూ సరిపోతుంది’ అని రాసి, కొలత రాయని చక్‌ను (స్పిండిల్‌కు తగిలించి ముక్కను పట్టే బిగింపును) నేను కొనను.

ఇక మాండ్రెల్, అంటే పెన్ను ముక్కలను గుచ్చి తిప్పే సన్నని కడ్డీ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే సులువు. లోపల 7 మి.మీ. ట్యూబులు అంటించిన రెండు ముక్కలనూ, బుష్‌లనూ (ముక్కను ఎంత మందానికి తిప్పాలో చూపే ఉంగరాలు) ఒకే కడ్డీకి గుచ్చి, చివర నట్టు బిగిస్తే చాలు. కడ్డీ సన్నం కనుక నట్టునో టెయిల్‌స్టాక్‌నో (లేతు అవతలి చివర ఆనించే భాగం) గట్టిగా బిగించామంటే విల్లులా వంగుతుంది. ఆ వంపు కంటికి ఆనదు. తిప్పిన ముక్కను కిట్టు పక్కన పెట్టి వేలితో తడిమితే ఒకవైపు మెట్టులా తగులుతుంది. దీనికి విరుగుడుగా మాండ్రెల్ సేవర్ అనే బోలు లైవ్ సెంటర్ (టెయిల్‌స్టాక్‌లో ఉండి ముక్కతో పాటు తిరిగే మొన) దొరుకుతుంది. కడ్డీ దాని లోపలికి దూరిపోతుంది, ఒత్తిడి బుష్ మీద పడుతుంది. నేను కొన్న వాటిలో పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం చేసింది ఇదే.

సేవర్ వద్దనుకుంటే మామూలు లైవ్ సెంటర్ కోణం చూసుకోవాలి. మాండ్రెల్ చివరి గుంట 60 డిగ్రీలది. చెక్క లేతుతో పాటు వచ్చే సెంటర్‌కు తరచుగా మధ్యలో సూది, చుట్టూ అంచు ఉంటాయి. చెక్కకు అది చక్కగా పనికొస్తుంది కానీ ఈ గుంటలో సరిగా కూర్చోదు, గుంటనే పాడుచేస్తుంది. పరీక్ష తేలికే. సెంటర్ మొనకు మార్కర్ సిరా పూసి, గుంటలో ఆనించి, సెంటర్‌ను కదలకుండా పట్టుకుని మాండ్రెల్‌ను చేత్తో తిప్పి తీయాలి. సిరా చుట్టూ సమానంగా చెరిగితే కోణం కుదిరినట్టు. ఒక సన్నని గీత మేరకే చెరిగితే దాన్ని పక్కన పెట్టేయడమే మేలు.

ఈఆర్32 (సైజు పేరు) కొలెట్ చక్, అంటే కడ్డీని చుట్టూ సమానంగా బిగించి పట్టే చక్, ఖరీదైనదే, సుఖమూ ఉంది. కడ్డీని కావలసినంత పొడవుకు పట్టుకోవచ్చు, ఒక్క ముక్కనే తిప్పుకోవచ్చు. స్పిండిల్‌లోకి దూరే ఎంటీ2 తోకతో వచ్చే రకానికి వెనక నుంచి డ్రాబార్ (తోకను లాగి పట్టే మర కడ్డీ) తప్పనిసరి, లేకపోతే టేపర్ వదులైపోతుంది. ఇక్కడే మరో తిరకాసు. తోకలోని మర కొన్నిటికి ఎం10, కొన్నిటికి 3/8 అంగుళం. రెండూ చూపుకు ఒకటే, తేడా అర మిల్లీమీటరు లోపే. 3/8 కడ్డీ ఎం10 రంధ్రంలోకి వదులుగా నాలుగు చుట్లు పోయి, ‘సరిపోయింది’ అనిపించి, బిగించేసరికి మర కొరుక్కుపోతుంది. నా కడ్డీని సరిహద్దు దాటితే వచ్చే పాతపట్నంలో, ఇనుప లేతు టర్నర్ చేత కొలిచి చేయించుకున్నాను. పార్సిల్‌లో తెప్పించిన దానికన్నా నిక్కచ్చిగా కుదిరింది.

డ్రిల్ చక్ ఎంటీ2 తోకతో ఏదైనా ఫరవాలేదు, టెయిల్‌స్టాక్‌లో పెట్టి వాడినంత కాలం. కొమ్ముకు రంధ్రం వేసేటప్పుడు మాత్రం బిట్‌ను మాటిమాటికీ బయటికి లాగి పొట్టు దులపాలి. వేడెక్కితే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది, అంతకు మించి కొమ్ము పగులుతుంది. మాస్కు లేకుండా ఆ పొడి దగ్గర కూర్చోకండి.

బుష్‌లు కిట్టు కిట్టుకూ వేరు. 7 మి.మీ. స్లిమ్ కిట్టు బుష్ ఇంకో కిట్టుకు పనికిరాదు. పైగా గరుకు కాగితం పట్టినప్పుడల్లా కొద్దికొద్దిగా అరుగుతాయి. కనుక నేను వాటిని హద్దుగానే చూస్తాను, అసలు కొలత కిట్టు భాగాన్ని వెర్నియర్‌తో పట్టి తీసుకుంటాను. సూపర్ గ్లూ పూత వేసేముందు వాటికి కాస్త మైనం రాస్తే ముక్కకు అతుక్కోవు.

కొత్తగా కొనేవాళ్లు ఏది ముందు అని అడిగితే, 60 డిగ్రీల లైవ్ సెంటర్ లేదా సేవర్, తర్వాత మాండ్రెల్, మీ కిట్టుకు తగిన బుష్‌లు అంటాను. కొలెట్ చక్‌కు తొందర లేదు. రంగురంగుల పెట్టెలో ఇరవై ముక్కలతో వచ్చే సెట్టు జోలికి వెళ్లకండి, అందులో సగం మీ లేతుకు ఎక్కవు.