వీఆర్ ఆటల్లో తల తిరుగుతుంటే: ఓర్చుకోవడం మేలా, ఆపేయడం మేలా?

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే కళ్ళకు తొడుక్కుంటే ఆటలోని లోకం చుట్టూ ఉన్నట్టే చూపే పరికరం, కొన్న మొదటి రోజు నాకు అందిన సలహా ఒక్కటే. "మొదట్లో అందరికీ తల తిరుగుతుంది, ఓర్చుకుని ఆడుతూ ఉండు, అదే అలవాటవుతుంది." నమ్మాను. చేతిలోని కంట్రోలర్ మీదుండే చిన్న పుల్లతో, అంటే జాయ్‌స్టిక్‌తో, పరుగెత్తే ఆట ఒకటి పెట్టుకుని, నుదుటికి చెమట పట్టినా, కడుపులో తిప్పినా 40 నిమిషాలు ఆడాను. ఆ సాయంత్రమంతా మంచం మీదే గడిచింది. అది పెద్ద బాధ కాదు. మూడు రోజుల తర్వాత హెడ్‌సెట్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. ముఖానికి ఆనే స్పాంజి వాసన తగలగానే, ఇంకా ఆట మొదలుపెట్టకముందే, వికారం పుట్టింది. ఆటకు అలవాటు పడాల్సిన శరీరం దాన్ని చూసి భయపడటం నేర్చుకుంది. దాన్ని మరిపించడానికి నాకు నెల పట్టింది. కొత్తవారికి ఎవరైనా ఇదే సలహా ఇస్తుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అసలు తగాదా కంటికీ చెవికీ మధ్య. శరీరం కదులుతోందా, ఎటు తిరుగుతోంది అన్న సంగతి లోపలి చెవి మెదడుకు చేరవేస్తూ ఉంటుంది. కారులో కూర్చుని పుస్తకం చదివేవారికి చెవి కదులుతున్నామని చెబుతుంది, పేజీ మీదున్న కన్ను కదలడం లేదంటుంది. వీఆర్‌లో ఇది తలకిందులవుతుంది. కన్ను పరుగెడుతుంది, చెవి నిలబడే ఉంటుంది. కంప్యూటర్లు రాకముందే మనుషులు ఈ అనుభవాన్ని ఎరుగుదురు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1895లో ఒక వింత ఉయ్యాల గురించి రాశాడు. ఆ ఉయ్యాల ఊగదు, దాని చుట్టూ కట్టిన గది ఊగుతుంది, చివరికి గిర్రున తిరుగుతుంది. లోపల కూర్చున్నవారు తామే తలకిందులవుతున్నామనుకుని కుర్చీలను గట్టిగా పట్టుకునేవారట, కళ్ళు తిరిగి బయటికి నడవలేకపోయినవారూ ఉన్నారట.

ఆ ఉయ్యాలను గుర్తుపెట్టుకుంటే ఆటల ఎంపిక తేలికవుతుంది. మీ కాళ్ళు నిలబడి ఉండగా గది కదిలే ఆటలు తల తిప్పుతాయి. మీరు కదిలినంతే కదిలే ఆటలు చాలామందిని ఏమీ చేయవు. నిలబడిన చోటే ఎదురొచ్చే దిమ్మెలను నరికే ఆటలు, బల్ల ముందు కూర్చుని ఆడే పజిళ్ళు రెండో రకం. కారు పందేలు, విమానాలు, జాయ్‌స్టిక్‌తో పరుగులు మొదటి రకం. మొదటి వారం రెండో రకమే ఆడండి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

తర్వాత వచ్చే ప్రశ్న దగ్గరే ఎక్కువ వాదన నడుస్తుంది. ఆటలో నడవడానికి టెలిపోర్ట్ వాడాలా, జాయ్‌స్టిక్ వాడాలా? టెలిపోర్ట్‌లో వెళ్ళాల్సిన చోటును కంట్రోలర్‌తో చూపిస్తే క్షణంలో అక్కడ ఉంటారు. మధ్యలో జారే దృశ్యమే ఉండదు కాబట్టి కంటికీ చెవికీ తగాదా పడే అవకాశం ఉండదు. పోయేది మాత్రం తక్కువేమీ కాదు. దారి పొడవునా నడిచిన అనుభూతి పోతుంది, దూరాల అంచనా తప్పుతుంది, ఎటు నుంచి వచ్చామో ఒక్కోసారి గుర్తుండదు. జాయ్‌స్టిక్ నడకలో ఆ లోకం నిజంగా మీదవుతుంది, కానీ మూల్యం కడుపు చెల్లిస్తుంది. టెలిపోర్ట్ అంటే చేతకానివారి పద్ధతి అన్న చులకన భావం కొందరిలో ఉంది. అది పూర్తిగా తప్పు. 2020లో వచ్చిన 'హాఫ్-లైఫ్: అలిక్స్' వంటి భారీ ఆట కూడా రెండు పద్ధతులనూ పక్కపక్కనే ఉంచి, ఎంపికను ఆడేవారికే వదిలేసింది. మొదటి రెండు వారాలకు నా ఓటు టెలిపోర్ట్‌కే.

నడక కంటే తిరగడం ప్రమాదకరం. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. కంట్రోలర్‌తో మెల్లగా, ఏకధాటిగా తిరిగే స్మూత్ టర్న్ చూడటానికి సహజంగా ఉంటుంది, నా వరకు అన్నిటికంటే త్వరగా కడుపును కదిలించేది అదే. స్నాప్ టర్న్‌లో దృశ్యం 30 డిగ్రీలో 45 డిగ్రీలో ఒక్క గెంతులో మారిపోతుంది. మొరటుగా అనిపిస్తుంది, శరీరం మాత్రం ఊపిరి పీల్చుకుంటుంది. ఈ రెండింటినీ మించినది మూడోది ఉంది. కంట్రోలర్‌ను ముట్టుకోకుండా మీరే తిరగండి. నిలబడి ఆడుతుంటే పాదాలతో, కూర్చుని ఆడుతుంటే గుండ్రంగా తిరిగే కుర్చీతో. అప్పుడు చెవి కూడా తిరుగుతుంది, తగాదా తీరిపోతుంది. హెడ్‌సెట్‌కు తీగ ఉంటే అది కాళ్ళకు చుట్టుకోకుండా చూసుకోవాలి, అంతే.

కదిలేటప్పుడు దృశ్యం అంచులను నల్లగా మూసే ఏర్పాటు చాలా ఆటల సెట్టింగుల్లో ఉంటుంది. కంటి అంచు చూపు కదలికను ఇట్టే పసిగడుతుంది, దాన్ని కప్పితే మెదడుకు చేరే తప్పుడు కబురు తగ్గుతుంది. చూపు కుంచించుకుపోతే ఆటలో ఉన్న భావన చెడుతుందని నేనూ అనుకున్నాను. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ అంచులను మెల్లమెల్లగా మూసి చూశారు. అసౌకర్యం తగ్గింది, లీనమైన భావన తగ్గలేదు. దీన్ని తీసేయడానికి తొందరపడకండి.

బొమ్మ నాణ్యతా, దృశ్యం మారే వేగమా అన్న ప్రశ్న వస్తే కళ్ళు మూసుకుని వేగాన్నే ఎంచుకోండి. 2013 నాటి తొలి ఓక్యులస్ డెవలపర్ హెడ్‌సెట్ 60 హెర్ట్జ్‌తో, అంటే సెకనుకు 60 సార్లు దృశ్యాన్ని మారుస్తూ నడిచేది, తల ముందుకు జరిపితే దానికి తెలిసేదే కాదు. 2016లో మార్కెట్లోకి వచ్చిన రిఫ్ట్, వైవ్ అనే హెడ్‌సెట్లు 90 హెర్ట్జ్‌కు చేరాయి, తల ఎటు జరిగినా గుర్తుపట్టాయి. కంప్యూటర్ తడబడి దృశ్యం తల వెనకాల ఈడ్చుకుంటూ వస్తే, ఎంత మంచి హెడ్‌సెట్ అయినా పాత రోజుల్లోకి వెళ్ళినట్టే. గ్రాఫిక్స్ తగ్గించండి. కటకాల మధ్య దూరాన్ని మీ కనుపాపల మధ్య దూరానికి సరిపోయేలా సర్దుకోండి.

మాత్రల గురించి చాలామంది అడుగుతారు. ప్రయాణాల్లో వాడే డైమెన్‌హైడ్రినేట్, మెక్లిజిన్ వంటివి పనిచేస్తాయి, నిద్ర మత్తును కూడా తెస్తాయి. సరదా కోసం ఆడే ఆటకు మందు వేసుకోవడం నాకు నచ్చదు, తప్పదనుకుంటే డాక్టర్ని అడిగే వేసుకోవాలి. అల్లం కొందరికి ఉపశమనం ఇస్తుంది. వీటన్నిటికంటే నాకు సాయపడినది ఎదురుగా పెట్టుకున్న ఫ్యాను. చల్లగాలి వికారాన్ని తగ్గించడమే కాదు, గదిలో మీ ముఖం ఎటు ఉందో చర్మం ద్వారా చెబుతూ ఉంటుంది.

ఇక ఓర్చుకోవడమా, ఆపేయడమా? అలవాటు పడటం నిజమే, నేనూ పడ్డాను. ఆ అలవాటు చిన్న చిన్న ఆటలుగా, వేర్వేరు రోజుల్లో, ఒంట్లో బాగున్న స్థితిలో ఆగినప్పుడు వస్తుంది. వికారంతో ముగిసిన ప్రతి ఆటా వెనక్కి లాగుతుంది. కాబట్టి తొలి సూచనకే హెడ్‌సెట్ తీసేయండి. ఆ సూచన వికారం దాకా ఆగదు. అకారణంగా ఆవలింతలు, నోట్లో ఉమ్మి ఊరడం, ముఖం వేడెక్కడం, నుదుటిపై చల్లని చెమట దానికి ముందే కనిపిస్తాయి. "ఈ ఒక్క దశ పూర్తిచేసి" అనుకున్న ఆ 5 నిమిషాలే నన్ను ఒక సాయంత్రం పడుకోబెట్టాయి. తీసేశాక దూరంగా ఉన్న స్థిరమైన వస్తువును చూస్తూ కూర్చోండి, తల పూర్తిగా తేటపడే దాకా బండి నడపకండి. తలనొప్పో, లోపలి చెవి సమస్యో ముందే ఉన్నవారు మొదలుపెట్టేముందే డాక్టర్‌తో మాట్లాడటం మంచిది.

నేను రెండోసారి మొదలుపెట్టినప్పుడు రోజుకు 10 నిమిషాలే ఆడాను. రెండు వారాలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాక టెలిపోర్ట్ వదిలి, జాయ్‌స్టిక్‌తో నెమ్మది నడక మొదలుపెట్టాను. అది ఒంటికి పట్టాక అంచుల నలుపును కొద్దికొద్దిగా తగ్గించాను. ఒకేసారి రెండు మార్పులు ఎప్పుడూ చేయలేదు, ఏది తిప్పిందో తెలియాలి కదా. ఇప్పుడు గంటసేపు పరుగెత్తగలను. స్మూత్ టర్న్ మాత్రం మూడుసార్లు ప్రయత్నించి పక్కన పెట్టేశాను. స్నాప్ టర్న్‌తోనే ఆడుతున్నాను, ఆటలో నాకు ఏ లోటూ కనిపించడం లేదు.