కుడిచేతిలో కాపురమున్న పురుగు: 'పారసైట్ ద మ్యాక్సిమ్' మూడోసారి చూశాక

హితోషీ ఇవాకి గీసిన పది సంపుటాల మాంగాను (జపనీస్ కామిక్‌ను) మ్యాడ్‌హౌస్ స్టూడియో 2014 అక్టోబరు నుంచి 2015 మార్చి వరకు 24 ఎపిసోడ్ల యానిమే (జపనీస్ యానిమేషన్ సిరీస్)గా పూర్తిగా చెప్పేసింది. రెండో సీజన్ కోసం కాచుకునే పని లేదు.

దీని బలం నెత్తురులో కాదు, నియమాల్లో ఉంది. మనుషుల ఒంట్లోకి దూరే పరాన్నజీవుల కథ ఇది. పురుగు మెదడుకు చేరితే మనిషి తల మొత్తం దాని సొంతం. కథానాయకుడు, హైస్కూల్ కుర్రాడు షినిచి ఇయర్‌ఫోన్ వైరుతో చెయ్యి బిగించి కట్టేయడంతో అది కుడిచేతిలోనే ఆగిపోతుంది. అదే మిగీ. సాటి జీవి 300 మీటర్ల లోపుంటే పసిగడుతుంది, అవతలి దానికీ వీళ్ల జాడ తెలిసిపోతుంది. చీలిన షినిచి గుండెను అతికించేటప్పుడు మిగీ కణాల్లో 30 శాతం అతని ఒంట్లో కలిసిపోతాయి. వినికిడి, బలం పెరుగుతాయి. బదులుగా మిగీ రోజుకు 4 గంటలు లేపినా లేవని నిద్రలోకి జారుకుంటుంది, షినిచికి కన్నీళ్లు ఇంకిపోతాయి. ఈ లెక్క మనసులో పెట్టుకుంటే ప్రతి పోరులో ఎవరు ఎందుకు నెగ్గారో తెలుస్తుంది.

కారు గుద్దిన కుక్కపిల్ల షినిచి చేతుల్లోనే చనిపోతుంది. దాన్ని తీసుకెళ్లి చెత్తడబ్బాలో పడేస్తాడు. పక్కనున్న స్నేహితురాలు మురానో ముఖం చూశాకగానీ తానేం చేశాడో అతనికి తట్టదు. తలలు తెగే దృశ్యాలన్నిటికంటే నన్ను భయపెట్టింది ఇదే. తల్లి చేతి మీది నూనె కాలిన మచ్చను కూడా మొదటి నుంచీ గమనిస్తూ ఉండండి, కారణం చెప్పను.

లోపాలున్నాయి. సంగీత దర్శకుడు కెన్ అరాయ్ పియానో బాణీ గుండె పిండేస్తుంది, పోరాటాల్లో మోగే డబ్‌స్టెప్ (దద్దరిల్లే ఎలక్ట్రానిక్ సంగీతం) మాత్రం చాలాచోట్ల ఉత్కంఠను చెడగొడుతుంది. అసలు కథ సెల్‌ఫోన్లు లేని రోజులది. ఇక్కడ అందరి చేతిలో స్మార్ట్‌ఫోన్ పెట్టారు, అయినా ఇన్ని హత్యల్లో ఒక్క వీడియో ఊరంతా పాకకపోవడం నమ్మబుద్ధి కాదు. చివరి రెండు మూడు ఎపిసోడ్లలో ఉపన్యాసం ఎక్కువ.

జపనీస్ ఆడియోలోనే చూడండి. అయా హిరానో గొంతులో మిగీ పొడిగా, ఏ ఉద్వేగమూ లేకుండా మాట్లాడుతుంది, అందుకే దానికి షినిచి మీద ఆపేక్ష పుడుతున్న క్షణం చెవికి పట్టుబడుతుంది. మొదటి ఎపిసోడ్ మొదలవగానే భర్త భార్య తల కొరికేస్తాడు కాబట్టి పిల్లల ముందు, భోజనం దగ్గర పెట్టకండి. మొదటి ఆరు ఒకే ఊపులో చూడొచ్చు. పద్దెనిమిదోది మాత్రం విడిగా, తీరిక ఉన్న రాత్రికి ఉంచుకోండి. మనిషి రూపంలో బతికే పరాన్నజీవి రేకో తమురా, ఆమె చంటిబిడ్డ, ఒక పార్కు: సిరీస్ మొత్తంలో అంతకు మించిన ఘట్టం లేదు.