ట్రస్ట్‌లా: ఫీజు లేని లాయర్‌ను కుదిర్చే సేవ ఎవరికి, ఎంతవరకు?

లండన్ కేంద్రంగా పనిచేసే థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ 2010లో ట్రస్ట్‌లాను మొదలుపెట్టింది. ఇది లా ఫర్మ్ కాదు. తాను సలహా ఇవ్వదు, కోర్టులో వాదించదు. లాయర్ ఫీజు భరించలేని స్వచ్ఛంద సంస్థలను, ప్రో బోనోగా, అంటే ఫీజు తీసుకోకుండా పనిచేసే లా ఫర్మ్‌లతోనూ కంపెనీల లీగల్ విభాగాలతోనూ కలుపుతుంది. ఈ సంగతి తెలిసి వెళ్తే చాలా మంచి సేవ. తెలియక వెళ్తే కాలం వృథా.

వ్యక్తులకు ఇక్కడ చోటు లేదు. కూలి ఎగ్గొట్టిన యజమానితో పోరాడుతున్న కార్మికుడో, ఇల్లు ఖాళీ చేయమని నోటీసు అందుకున్న అద్దెదారో నేరుగా దరఖాస్తు పెట్టుకోలేరు. వాళ్లకు తమ దేశంలోని ప్రభుత్వ న్యాయసహాయం, లా కాలేజీల క్లినిక్‌లే (విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో ఉచిత న్యాయసలహా ఇచ్చే కేంద్రాలే) దారి. ఆ కార్మికుడికి అండగా నిలిచే సంస్థ మాత్రం ఇక్కడికి రావచ్చు. సభ్యత్వానికి రుసుము లేదు. అయితే పరిశీలించాకే చేర్చుకుంటారు కాబట్టి రిజిస్ట్రేషన్ పత్రం, నిధుల లెక్కలు, బోర్డు వివరాలు ముందే దగ్గర పెట్టుకోవాలి.

పని కుదరడం, కుదరకపోవడం చాలావరకు మీరు రాసే అభ్యర్థన మీదే ఆధారపడుతుంది. "మాకు కార్మిక చట్టాల మీద సలహా కావాలి" అని రాస్తే ఏ లాయరూ చేయి ఎత్తడు. ఎన్ని గంటల పనో, ఎవరు చేయాల్సిన పనో దాన్నిబట్టి తెలియదు మరి. అదే ఇలా రాసి చూడండి: "కెన్యాలో మాకు 6 మంది ఉద్యోగులు, 15 మంది వాలంటీర్లు ఉన్నారు. వాలంటీర్లకు నెలనెలా భత్యం ఇస్తున్నాం. చట్టం దృష్టిలో వాళ్లు ఉద్యోగులవుతారా? అయితే జతచేసిన ఒప్పందంలో ఏయే షరతులు మార్చాలి?" దేశం, వాస్తవాలు, ప్రశ్న, చేతికి రావాల్సిన పత్రం అన్నీ ఇందులో ఉన్నాయి. గడువు, ఏ భాషలో కావాలి అన్నవి కూడా చేర్చండి. గడువు పెట్టేటప్పుడు దానికి కారణం రాయండి. దాత గ్రాంటు తేదీయా, బోర్డు సమావేశమా తెలిస్తే లాయర్ తన పనులు సర్దుకుంటాడు.

ఎక్కువగా బెడిసికొట్టేది, తన క్లయింట్లతో ప్రయోజనాల ఘర్షణ ఉందేమోనని ఫర్మ్ చూసుకునే కాన్‌ఫ్లిక్ట్ చెక్ దగ్గర. మీకు ఎదుటి పక్షమైన కంపెనీ ఆ ఫర్మ్‌కు ఇప్పటికే క్లయింట్ అయితే పని తీసుకోలేరు. పెద్ద ఫర్మ్‌లకు బ్యాంకులు, చమురు, గనుల కంపెనీలు పాత క్లయింట్లు. నేరుగా అడ్డు లేకపోయినా, ఆ రంగాన్ని నొప్పించే వాదన తలకెత్తుకోవడానికి జంకుతారు. అందుకే భూమి, పర్యావరణం మీద పనిచేసే సంస్థలకే లాయర్ దొరకడం కష్టమవుతుంది. సాయం అందరికన్నా అవసరమైనది వాళ్లకే కదా! ప్రో బోనో వ్యవస్థ మొత్తంలో నన్ను ఎక్కువగా బాధించే లోపం ఇదే. అలాగని కంపెనీ పేరు దాచి పెట్టొద్దు. తర్వాత బయటపడితే ఫర్మ్ సగంలో తప్పుకుంటుంది, మీరు మళ్లీ మొదటికొస్తారు. ఇలాంటి పనికి చిన్న ఫర్మ్‌లను, విశ్వవిద్యాలయ క్లినిక్‌లను కూడా సమాంతరంగా అడగడం మేలు.

లాయర్ దొరికాక వచ్చే, పని షరతులు రాసి ఉండే ఎంగేజ్‌మెంట్ లెటర్‌ను లాంఛనంగా సంతకం చేసి పంపేయకండి. ఉచితమనేది లాయర్ సమయం వరకే. అనువాదం, నోటరీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు తరచుగా మీ నెత్తినే పడతాయి. ఎవరు భరించాలో అందులో స్పష్టంగా ఉండాలి. పని జూనియర్లు చేసినా, తనిఖీ చేసే పార్ట్‌నర్ (ఫర్మ్‌లో భాగస్వామి అయిన సీనియర్ లాయర్) ఎవరో అడిగి రాయించుకోండి. జూనియర్ ఉద్యోగం మారితే పని ఆగిపోయే ప్రమాదం తప్పుతుంది.

ట్రస్ట్‌లా అసలు బలం పలు దేశాల చట్టాలను పోల్చే పరిశోధనలో ఉంది. బాల్యవివాహాల మీదో, డేటా రక్షణ మీదో 10 దేశాల చట్టాలు ఒకచోట కావాలంటే, ఫీజు కట్టి చేయించడం చిన్న సంస్థ తరం కాదు. ఇక్కడ ఒక్కో దేశానికి అక్కడి లాయర్లను కుదర్చవచ్చు. చిక్కల్లా, ప్రశ్న వదులుగా ఉంటే ఒకరు 2 పేజీలు, మరొకరు 40 పేజీలు పంపుతారు, పోల్చడానికి వీలుండదు. అందరికీ ఒకే ప్రశ్నావళి ఇవ్వండి: ముందు అవును/కాదు, తర్వాత చట్టం పేరు, సెక్షన్ నంబరు, ఏ తేదీ నాటికి అమల్లో ఉన్న చట్టం అన్నది. ఆ తేదీ లేని నివేదిక ఏడాది తిరిగేసరికి నమ్మదగ్గది కాదు.

ఈ ఉచిత గంటలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో కూడా గమనించాలి. అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమం లాయర్‌కు ఏడాదికి 50 గంటలు సూచిస్తుంది. ఆస్ట్రేలియా జాతీయ లక్ష్యం 35 గంటలు. 2008 నాటి అమెరికా ఖండాల ప్రో బోనో ప్రకటనలో 20 గంటలు. పెద్ద వాణిజ్య ఫర్మ్‌లున్న చోటే ఈ గంటలు పోగుపడతాయి. కాబట్టి ఒప్పందాలు, సంస్థ నియమావళి, ట్రేడ్‌మార్కుల పనికి లాయర్లు సులువుగా దొరుకుతారు. మారుమూల జిల్లా కోర్టులో భూవివాదం నడిపేవాళ్లు దొరకరు.

వాయిదా దగ్గరపడ్డ కేసునైతే ఇక్కడికి తేనే వద్దు. అభ్యర్థన సరిదిద్దుకోవడం, లాయర్లకు పంపడం, కాన్‌ఫ్లిక్ట్ చెక్, సంతకాలు అయ్యేసరికి వారాలు పట్టవచ్చు. లిమిటేషన్ గడువు, అంటే కేసు వేయడానికి చట్టం ఇచ్చిన కాలపరిమితి మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అలాంటప్పుడు ముందు స్థానిక లాయర్‌తో కేసు దాఖలు చేయించుకుని, చట్టపరమైన పరిశోధన వరకు ట్రస్ట్‌లాను అడగండి.