పెద్ద హోమా, చిన్న ఇల్లా, వేరే కుటుంబమా: ఏది మేలు?

మానసిక దివ్యాంగులైన పిల్లలున్న ఇంట్లో ఎవర్ని కదిపినా ఒకటే టెన్షన్: "మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు?" చాలామందికి ముందు తట్టేది పెద్ద హోమ్. డాక్టరు, ఆయా, వంటమనిషి అందరూ ఒకేచోట ఉంటారు కదా!

న్యూయార్క్‌లోని స్టేటెన్ ఐలాండ్‌లో విల్లోబ్రూక్ స్టేట్ స్కూల్ పేరుకే స్కూలు, నిజానికి అలాంటి పెద్ద హోమే. 4,000 మంది కోసం కట్టిన చోట 1965 నాటికి 6,000 మందికి పైగా ఉన్నారు. తమంతట తాము తినలేని పిల్లలకు తినిపించడానికి ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే. మింగడమే కష్టమైన పిల్లలు వాళ్లు! అది చాలదన్నట్టు, హెపటైటిస్ పరిశోధన పేరుతో కొందరికి కావాలనే ఆ జబ్బు అంటించారు. 1972లో జెరాల్డో రివేరా అనే టీవీ రిపోర్టర్, అక్కడ పనిచేసిన డాక్టర్ దగ్గరున్న తాళంచెవితో లోపలికి వెళ్లి చూపిస్తే గానీ జనంలో కదలిక రాలేదు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1975లో రాజీ కుదిరింది, 1987లో ఆ స్కూలు మూతపడింది.

బెల్జియంలోని గీల్ ఊరిది వేరే దారి. మానసిక రోగుల్ని అక్కడి కుటుంబాలు వందల ఏళ్లుగా ఇంట్లో పెట్టుకుంటున్నాయి. 1930ల చివర్లో అలా ఉన్నవాళ్లు 3,700 దాకా ఉండేవారు, ఇప్పుడు చాలా తక్కువమందే. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ తరతరాల అలవాటు అది, జీవో ఇస్తే మన ఊళ్లో వచ్చేది కాదు.

నా ఓటు మూడోదానికి, అంటే నలుగురైదుగురు కలిసుండే మామూలు అద్దె ఇంటికి. విల్లోబ్రూక్ నుంచి చాలామందిని పంపింది ఇలాంటి చిన్న ఇళ్లకే. చెన్నైలోని ది బన్యన్ సంస్థ 2015 నుంచి 'హోమ్ అగైన్' పేరుతో, మానసిక జబ్బుతో ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయినవాళ్లను ఇలాగే ఊళ్లో, వీధిలో ఉంచుతోంది. వంట, బజారు పని, పక్కింటివాళ్లతో మాటలు, అవసరానికి తోడుగా ఒక మనిషి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మానసిక జబ్బున్నవాళ్లకు జనం మధ్య బతికే హక్కు ఇచ్చింది, గొలుసులు వేయడాన్ని నిషేధించింది. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక హోమ్‌లో మంటలంటుకున్నప్పుడు 28 మంది గొలుసులతో కట్టేసి ఉండి కాలిపోయారు మరి.

చిన్న ఇల్లయినంత మాత్రాన భద్రమని కాదు. న్యూయార్క్‌లోని చిన్న ఇళ్లలోనూ అక్కడున్నవాళ్లను సిబ్బంది కొట్టిన సంగతులు బయటపడ్డాయి. అందుకే ఎక్కడ చేర్చాలన్నా ముందు చెప్పకుండా భోజనాల వేళకు వెళ్లండి. ఎవరు తినిపిస్తున్నారు, ఎంతసేపు కూర్చుంటున్నారు చూడండి. గేటు దగ్గరే ఆపేస్తే, ఫీజు ఎంత తక్కువైనా ఆ చోటు వద్దు.